ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర పంచే కరపత్రం: పునరుత్థానం గురించి ఏం రాయాలి, ఎట్ల రాయాలి?

కరపత్రం పని, తిరుపతి

అందరికీ వందనాలు.

ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో చదువుకోవడానికి నాలుగు పేజీల చిన్న కరపత్రం తయారవుతోంది. అక్కడికి వచ్చేవాళ్లు ఒకే సంఘం వాళ్లు కారు. లూథరన్లు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, కథోలిక బంధువులు, పెంతెకొస్తు, బ్రదరన్ సహవాసాల వాళ్లు కలిసే వస్తారు. సమాధి కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టేదానికి తోడు వచ్చే హిందూ చుట్టాలు, ఇరుగుపొరుగు కూడా తక్కువేం కాదు. కొవ్వొత్తి వెలుగులో ఆ కాగితాన్ని మొదట శ్రద్ధగా చదివేది చాలాసార్లు వాళ్లే.

పాత కరపత్రాలు తిరగేస్తే మూడు వాక్యాలు కళ్లబడ్డాయి. "ఇది యేసు పునర్జన్మ ఎత్తిన రోజు." "శరీరం మట్టిలో కలిసినా ఆత్మ చావదు, అదే పునరుత్థానం." "మన ప్రియులు ఇప్పటికే పునరుత్థానులై పరలోకంలో ఉన్నారు." మూడూ సరికాదని తెలుస్తోంది. ఏది ఎక్కడ తప్పిందో విడమరిచి తెలుసుకుంటే తప్ప ఈసారి సరిగ్గా రాయలేం.

ఇంకా కొన్ని చిక్కులున్నాయి. చనిపోయినవాళ్లు ఈ క్షణాన ఎక్కడున్నారనే దానికి సంఘానికో జవాబు ఉంది. అందరూ మనస్ఫూర్తిగా చదవగలిగే వాక్యం ఏదైనా ఉందా? కాల్చిన శరీరం, బూడిదై నీళ్లలో కలిసిన శరీరం ఎట్ల లేస్తుందని పొరుగువాళ్లు అడిగితే రెండు ముక్కల్లో ఏం చెప్పాలి? ఎత్తబడటం, వెయ్యేళ్ల పాలన పెట్టాలా, వదిలేయాలా? పేర్ల జాబితా పైన "కీర్తిశేషులు" అని వేయొచ్చా?

మొత్తం 350 మాటలు మించకూడదు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి, కుదించుకోవడం మేం చూసుకుంటాం.

గ్రీకు చదువరి, తిరుపతి

మూడు వాక్యాల్లోనూ తప్పు ఒకటి కాదు. మొదటిది మాట తప్పు, రెండోది విషయం తప్పు, మూడోది కాలం తప్పు. విడివిడిగా చూద్దాం.

పునర్జన్మ అనగానే మన ఊళ్లో ఎవరికైనా స్ఫురించేది ఒకటే: జీవుడు పాత ఒళ్లు వదిలి, కర్మను బట్టి, ఇంకో తల్లి కడుపున ఇంకో ఒళ్లు తీసుకోవడం. పునరుత్థానంలో కొత్త తల్లీ లేదు, కొత్త పేరూ లేదు. చనిపోయిన మనిషే లేస్తాడు. మేకుల గాయాలు ఆ చేతుల్లోనే ఉన్నాయని యోహాను 20వ అధ్యాయం చెబుతుంది. సమాధి ఖాళీ అయింది కూడా అందుకే. యేసుది పునర్జన్మే అయితే సమాధి ఖాళీ కావలసిన పనే లేదు. ఈ ఒక్క మాట చెబితే పొరుగువాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది, ఎవరి నమ్మకాన్నీ కించపరచినట్టూ ఉండదు. "మనుష్యులొక్కసారే మృతిపొందవలెనని నియమింపబడెను, ఆ తరువాత తీర్పు జరుగును" అనే హెబ్రీ 9:27ను తోడుగా వేయండి.

పదాన్ని విడగొట్టి చూపండి: పునః, ఉత్థానం. ఉత్థాన ఏకాదశి మాట వినని ఇల్లు తిరుపతిలో తక్కువ. స్వామి యోగనిద్ర నుంచి లేచే రోజు అది. నమ్మకాలు వేరైనా మాట అర్థం అదే, పడుకున్నవాడు లేవడం. కొత్త నిబంధన గ్రీకులో ఉన్న అనస్తాసిస్ కూడా అక్షరాలా లేచి నిలబడటమే. క్రైస్తవులు శ్మశానానికి వాడిన కోయిమెతేరియోన్ అనే గ్రీకు మాటకు పడుకునే చోటు అని అర్థం. మన "సమాధి" అనే మాటలో ఆ పడక వినపడదు, యోగసమాధి గుర్తుకొస్తుంది. కాబట్టి మొదటి పేజీలోనే "ఇది నిద్రించే చోటు" అని ఒక వాక్యం వేస్తే తరువాత వచ్చే "లేవడం" అనే మాట అతుకుతుంది.

రెండో వాక్యం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. ఆత్మ నాశం లేనిదని ప్లేటో చెప్పాడు, గీతా చెబుతుంది. అది నమ్మడానికి ఈస్టర్ అక్కర్లేదు. ఏథెన్సులో పౌలు మాట్లాడుతుంటే వాళ్లు చాలాసేపు ఓపిగ్గా విన్నారు, మృతుల పునరుత్థానం అన్నప్పుడే కొందరు అపహాస్యం చేశారు (అపొస్తలుల కార్యములు 17:32). అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో మనం ప్రతి ఆదివారం చెప్పేది శరీర పునరుత్థానం. ఆత్మ చిరంజీవి అనే వాక్యం అందులో లేనే లేదు. లేచిన యేసు తాను భూతం కాదని, ఎముకలూ మాంసమూ ఉన్నాయని చూపి, కాల్చిన చేప ముక్క అడిగి తిన్నాడని లూకా 24 చెబుతుంది.

ఇంత స్పష్టంగా ఉన్నా పొరపాటు ఎందుకు జరుగుతుందంటే 1 కొరింథీయులకు 15:44లో "ఆత్మసంబంధ శరీరము" అనే మాట ఉంది. దాన్ని ఆత్మతో చేసిన శరీరం, అంటే పొగలాంటిదీ నీడలాంటిదీ అనుకుంటారు. గ్రీకులో ఆ విశేషణం దేనితో చేశారో చెప్పేది కాదు, దేని వల్ల నడుస్తుందో చెప్పేది. గాలిమర గాలితో చేసింది కాదు, గాలికి తిరిగేది. ఇప్పటి ఒళ్లు సహజ ప్రాణంతో నడుస్తుంది, అలుస్తుంది, ముసలిదవుతుంది. లేచే ఒళ్లు దేవుని ఆత్మతో నడుస్తుంది, క్షయం లేనిది. ఈ వచనాన్ని వివరణ లేకుండా అచ్చు వేయొద్దు. చోటు లేకపోతే 42వ వచనం వేయండి: "క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును." దానికి వివరణ అక్కర్లేదు.

మూడో వాక్యంలోని తప్పును పౌలు పేర్లు పెట్టి మరీ ఖండించాడు. పునరుత్థానం గతించిపోయిందని బోధించిన హుమెనైయు, ఫిలేతు సత్యం విషయం తప్పిపోయారని 2 తిమోతి 2:17, 18లో ఉంది. వరస 1 కొరింథీయులకు 15:23లో ఉంది: ప్రథమఫలం క్రీస్తు, తరువాత ఆయన వచ్చినప్పుడు ఆయనవాళ్లు. ప్రథమఫలం అంటే కోతలో దేవునికి అర్పించే మొదటి పన (కంకుల కట్ట). మొదటి పన ఇంటికొచ్చింది, చేను ఇంకా నిలబడే ఉంది. మన వాళ్ల సమాధులు ఇంకా ఆ చేనులోనే ఉన్నాయి. అందుకే వాటి దగ్గరికి పోయి నిలబడి ఈస్టర్ చేసుకుంటున్నాం.

లాజరును, యాయీరు కూతురును, నాయీను విధవరాలి కొడుకును దీనికి ఉదాహరణగా పెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లు తిరిగి బ్రతికింది ఈ లోకపు ఒంటితోనే, కాబట్టి మళ్లీ చావవలసిందే. అవి గుర్తులు, పునరుత్థానం కాదు. లాజరు కథ వేస్తే యోహాను 11:25 వచనం కోసం వేయండి: "పునరుత్థానమును జీవమును నేనే."

ఇక కాల్చిన శరీరం సంగతి. ఇది కొత్త ప్రశ్న కాదు. 177లో గాల్ దేశంలోని (ఇప్పటి ఫ్రాన్సు) లియోన్ నగరంలో క్రైస్తవులను చంపి, శవాలను కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. మళ్లీ లేస్తామనే ఆశ వాళ్లకు లేకుండా చేయాలన్నదే దాని వెనుక ఉద్దేశమని తొలి సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాసిన చరిత్రలో ఉంది. ఆ హింసను చూసిన సంఘం ఆ ఆశను వదలలేదు. మట్టిలో పెట్టిన శరీరం కూడా కొన్నేళ్లకు కరిగి చెట్లలోకి, నీళ్లలోకి పోయేదే. అగ్ని ఆ పనిని గంటల్లో చేస్తుంది, అంతే తేడా. పౌలు చెప్పిన గింజ పోలికను మన చేనిలోకి తెచ్చుకోండి. శెనక్కాయ విత్తు నేలలో చివికిపోతుంది, పైకి వచ్చే మొక్కకు ఆ విత్తు రూపం ఉండదు. అయినా ఆ విత్తుదే ఆ మొక్క. దేవుడు ప్రతి అణువునూ ఏరి అతికిస్తాడని రాయకండి. అట్ల రాస్తే ఒకే అణువు ఇద్దరు మనుషుల ఒంట్లో ఉండి ఉంటే ఎవరిది అనే వాదం మొదలవుతుంది. అగస్టీను కాలానికే ఆ వాదం నడిచింది. లేపేవాడు దేవుడు, లేచేది అదే మనిషి. ఇక్కడితో ఆపితే సరిపోతుంది.

ఉపదేశి, చిత్తూరు (కథోలిక)

పై జవాబులో శరీరం గురించి చెప్పినదంతా మాకూ సమ్మతమే. కడప మేత్రాసనం (బిషపు కింద ఉండే ప్రాంతం) గుళ్లల్లో పూజలో చెప్పే ప్రమాణం కూడా మృతుల పునరుత్థానాన్నే చెబుతుంది. ఇప్పుడు ఎక్కడున్నారు అనే దగ్గర కొంచెం విడిగా మాట్లాడాలి.

కథోలిక బోధలో తీర్పు రెండుసార్లు. చనిపోయిన వెంటనే ఆ మనిషికి ప్రత్యేక తీర్పు, లోకాంతంలో శరీరాలు లేచాక అందరికీ సాధారణ తీర్పు. మధ్యకాలంలో పరిశుద్ధుల ఆత్మలు దేవుని ముఖాన్ని చూస్తాయా, చివరిదాకా ఆగాలా అని పోపుల మధ్యే మాట తేడా వచ్చింది. ఆగాలని 22వ యోహాను పోపు ప్రసంగాల్లో చెప్పాడు. తరువాత వచ్చిన 12వ బెనెడిక్టు 1336లో, శుద్ధులైన ఆత్మలు పునరుత్థానానికి ముందే దేవుణ్ణి చూస్తాయని తేల్చి ప్రకటించాడు. అంతమాత్రాన పునరుత్థానం అనవసరమైపోలేదు. శరీరం లేని ఆత్మ ఇంకా పూర్తి మనిషి కాదనేదే మా బోధ.

ఉత్తరించు స్థలం గురించి మాటలు జారతాయి, జాగ్రత్త. అది నరకానికీ పరలోకానికీ మధ్య ఉన్న మూడో ఊరు కాదు. చచ్చాక మారుమనసు పొందడానికి ఇచ్చే ఇంకో అవకాశం అంతకంటే కాదు. దేవుని స్నేహంలో చనిపోయి, ఇంకా శుద్ధి మిగిలినవాళ్లకే అది. అక్కడున్న ప్రతివాళ్లూ పరలోకానికి చేరేవాళ్లే. లియోన్ (1274), ఫ్లోరెన్సు (1439), ట్రెంట్ (1563) సభలు దీన్ని స్థిరపరిచాయి. మృతుల కోసం ప్రార్థించడానికి ఆధారంగా 2 మక్కబీయులు 12వ అధ్యాయం చూపుతాం. ఆ గ్రంథం మా 73 పుస్తకాల బైబిల్లో ఉంది, ప్రొటెస్టెంట్ల 66లో లేదు. వాదం సగం ఇక్కడే మొదలవుతుంది, కాబట్టి ఉమ్మడి కరపత్రంలో దీన్ని ఎత్తకండి. నవంబరు 2న మేము చేసుకునే సమాధుల పండుగకు ఆ మాటలు ఎట్లాగూ ఉంటాయి.

అందరూ చదవగలిగే వాక్యం అడిగారు. "వాళ్లు ప్రభువు చేతిలో ఉన్నారు" అని వేయండి. నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయని సొలోమోను జ్ఞానగ్రంథం 3:1లో మాకు ఉంది. "నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అని సిలువ మీద యేసు పలికిన మాట లూకా 23:46లో అందరికీ ఉంది. పరలోకంలోనా, శుద్ధిలోనా, నిద్రలోనా అనే తగువు ఆ "చేతిలో" అనే మాటలో పుట్టదు.

దహనం గురించి మా వైపు నియమాలు చెప్పేస్తాను, కథోలిక కుటుంబాలు ఇక్కడే తికమక పడతాయి. 1963 నుంచి దహనానికి అనుమతి ఉంది. పునరుత్థానం లేదని చాటడానికి చేస్తే మాత్రం కూడదు. భూస్థాపనే మేలని ఇప్పటికీ సంఘం మాట. 2016లో వచ్చిన ఆదేశం ప్రకారం అస్థికలను సమాధి తోట లాంటి పవిత్ర స్థలంలోనే ఉంచాలి. ఇంట్లో దాచుకోవడం, అన్నదమ్ములు పంచుకోవడం, గాలిలో గానీ నీళ్లలో గానీ వెదజల్లడం కూడదు. 2023 డిసెంబరులో కొంత సడలింపు వచ్చింది. ఆ మనిషి జీవితంలో ముఖ్యమైన చోట కొద్ది భాగం ఉంచుకోవచ్చేమో మేత్రాసనం విచారించి చెప్పొచ్చు. కుటుంబం ముందుగా విచారణ గురువుల్ని అడగాలి, పని అయ్యాక కాదు. దహనం అయినవాళ్ల పేర్లు కూడా మీ జాబితాలో మిగతావాళ్లతో పాటే రాయండి, అడుగున విడిగా కాదు.

వాక్యసేవ, పుత్తూరు (బ్రదరన్ సహవాసం)

ప్రభువు నామంలో వందనాలు.

ఎత్తబడటం, వెయ్యేళ్ల పాలన గురించి అడిగారు. మా సహవాసాల్లో, పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువగా బోధించే క్రమం ఇది. మొదట ప్రభువు ఆకాశమండలానికి వస్తాడు. ఆయనయందు చనిపోయినవాళ్లు లేస్తారు, బ్రతికున్నవాళ్లు మార్పు పొంది వాళ్లతో కలిసి ఎత్తబడతారు (1 థెస్సలొనీకయులకు 4:16, 17). విశ్వాసులు క్రీస్తు న్యాయపీఠం ముందు నిలుస్తారు. భూమ్మీద ఏడేళ్ల శ్రమకాలం నడుస్తుంది. దానియేలు 9:27లోని చివరి వారం అదేనని, రోజుకో ఏడని మా లెక్క. తరువాత అందరూ చూసేలా ఆయన రాకడ, వెయ్యేళ్ల పాలన, మిగిలిన మృతులు లేవడం, ధవళ సింహాసనం ముందు తీర్పు, చివరికి కొత్త ఆకాశం, కొత్త భూమి. అంటే ప్రకటన 20:5 ప్రకారం నీతిమంతుల లేవడానికీ మిగతావాళ్ల లేవడానికీ మధ్య వెయ్యేళ్లు.

ఇది 1830ల నుంచి తొలి బ్రదరన్ నాయకుడు డార్బీ బోధతో గట్టిపడి, 1909లో వచ్చిన స్కోఫీల్డు బైబిలు గమనికలతో ఊరూరా చేరిన క్రమం. లూథరన్లు దీన్ని ఒప్పుకోరు. 1530 నాటి ఆగ్స్‌బర్గు ఒప్పుకోలు 17వ అధికరణం, పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని ఏలుతారనే బోధను తోసిపుచ్చింది. కథోలికులూ, సీఎస్ఐలో చాలామందీ వెయ్యేళ్లను సంఘకాలానికి గుర్తుగా తీసుకుంటారు. కాబట్టి నేను నమ్మే క్రమమే అయినా మీ కరపత్రంలో పెట్టొద్దనే చెబుతాను. 350 మాటల్లో దాన్ని న్యాయంగా చెప్పలేరు. సమాధి దగ్గర కన్నీళ్లతో ఉన్నవాళ్ల ముందు పెట్టాల్సిన వాదమూ కాదు.

వేయాల్సింది మాత్రం ఆ 16వ వచనమే: "క్రీస్తునందుండి మృతులైనవారు మొదట లేతురు." ఇక్కడ "మొదట" అనే మాటను మా వాళ్లు కూడా తప్పుగా చదువుతారు. దుష్టులకంటే మొదట అని కాదు అక్కడి అర్థం, బ్రతికున్నవాళ్లకంటే మొదట. థెస్సలొనీకలో కొందరు చనిపోయారు, రాకడనాటికి వాళ్లు వెనకబడిపోతారేమోనని మిగిలినవాళ్లు దిగులుపడ్డారు. కాదు, వాళ్లే ముందు లేస్తారని పౌలు ఊరడించాడు. అట్లాగే 13వ వచనాన్ని ఏడవకూడదనే ఆజ్ఞగా చదివించకండి. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడవద్దు అన్నాడే గానీ దుఃఖపడొద్దు అనలేదు. లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు.

గ్రీకు చదువరి, తిరుపతి

బ్రదర్ చెప్పిన "మొదట" వివరణ చాలా అవసరమైనది, ఒక పంక్తిలోనైనా పెట్టండి.

17వ వచనంలో ఇంకో మాట ఉంది, "ప్రభువును ఎదుర్కొనుటకు". గ్రీకులో అపాంతేసిస్. పెద్దవాళ్లు ఊరికి వస్తుంటే జనం ఊరి బయటికి పోయి ఎదురేగి తోడుకొని రావడానికి వాడే మాట. పది మంది కన్యకలు పెళ్లికొడుకును ఎదుర్కోబోయినప్పుడూ (మత్తయి 25:6), రోమా సహోదరులు పౌలును కలవడానికి అప్పీయా సంతపేట దాకా వచ్చినప్పుడూ (అపొస్తలుల కార్యములు 28:15) అదే మాట. మన పెళ్లిళ్లలో ఎదురుకోలు అంటే కూడా ఇదే కదా. మేళతాళాలతో ఊరి పొలిమేరకు పోయినవాళ్లు అక్కడే ఉండిపోరు, పెళ్లివారిని వెంటబెట్టుకుని ఊళ్లోకి వస్తారు. ప్రకటన 21:2లో కూడా పరిశుద్ధ పట్టణం పైనుంచి దిగి వస్తుంది. క్రైస్తవ నిరీక్షణ భూమిని వదిలేసి పోవడంతో ముగియదని నా అవగాహన.

వాక్యసేవ, పుత్తూరు (బ్రదరన్ సహవాసం)

ఎదురుకోలు పోలిక బాగుంది, ఆ మాట అర్థం నేను కాదనను. అయితే ఎదుర్కొన్నాక ఎటు పోతారో ఆ వచనంలో లేదు, "సదాకాలము ప్రభువుతోకూడ ఉందుము" అని మాత్రమే ఉంది. యోహాను 14:3లో "నేనుండు స్థలములో మీరును ఉండులాగున" తీసుకుపోతానన్నాడు. మేము ముందు అటు పోయి, తరువాత ఆయనతో ఇటు వస్తాం అంటాం. చివరికి కొత్త భూమి దగ్గర ఇద్దరమూ కలుస్తాం.

రాకడ ఎదురుచూపు, శ్రీకాళహస్తి (అడ్వెంటిస్టు)

నిద్ర అనే మాటను మేము ఉన్నది ఉన్నట్టే తీసుకుంటాం. చనిపోయినవాళ్లు ఏమీ ఎరుగరని ప్రసంగి 9:5 అంటుంది. "సమాధులలో నున్నవారందరు ఆయన శబ్దము విని" బయటికి వస్తారని యోహాను 5:28, 29 అంటుంది. ఆ శబ్దం వినేదాకా వాళ్లకు కాలం తెలియదు. కన్ను మూయడం, ప్రభువును చూడటం వాళ్లకు పక్కపక్క క్షణాలే.

సిలువ మీద దొంగకు చెప్పిన మాట (లూకా 23:43) అడ్డుపెడతారని తెలుసు. గ్రీకు పాత ప్రతుల్లో విరామ చిహ్నాలు లేవు కాబట్టి "నేడు నీతో చెప్పుచున్నాను" అని మేము చదువుతాం. తెలుగు అనువాదంలో "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని వాక్యంలోనే కుదిరిపోయింది. మిగతా సంఘాలు చదివేదీ అట్లే. దాని మీద ఇక్కడ వాదించను. ఒక్కటే కోరేది, "పైనుంచి మనల్ని చూస్తూ దీవిస్తున్నారు" లాంటి వాక్యం వేయకండి. మాకే కాదు, లూథరన్ అయ్యగార్లకు కూడా అది ఇబ్బందే. "ప్రభువు చేతిలో ఉన్నారు" అంటే మేమూ నిండు మనసుతో చదువుతాం.

పలకలూ ప్రింటింగూ, చంద్రగిరి

సిద్ధాంతం పెద్దలు చెప్పినారు. అక్షరాల దగ్గర, అచ్చు దగ్గర ఏం చెడిపోతాదో నేను చెప్తా.

అన్నిటికంటే ముందు "పునరుత్థానం" స్పెల్లింగు. త కింద థ వత్తు. పలకల మీదా ఫ్లెక్సీల మీదా సగం చోట్ల "పునరుద్ధానం" అని ఉంటాది. చదివినోళ్లకు గుడి పునరుద్ధరణ గుర్తొస్తాది. డీటీపీ చేసే అబ్బాయికి ఈ ఒక్క మాటను కాగితం మీద పెద్దగా రాసి ఇచ్చేయండి. నల్ల గ్రానైటు పలక మీద చెక్కించేటప్పుడు కూడా అంతే. అక్షరం ఎత్తు ముప్పావు అంగుళం కన్నా తగ్గితే థ వత్తులో చుక్క పూడిపోయి, పెయింటు నింపినాక ద మాదిరి కనపడతాది. రెండు పంక్తుల మధ్య అక్షరమంత ఖాళీ ఉంటేనే వత్తులు కింది పంక్తి గుడుల్ని తగలవు.

"కీర్తిశేషులు" వద్దు. మాట విడగొడితే కీర్తి మాత్రమే శేషంగా మిగిలినోళ్లు అని అర్థం. మళ్లీ లేస్తారని నమ్మేవాళ్ల పేర్ల పైన ఆ మాట ఎట్ల పెట్టేది? "స్వర్గస్తులు" అంటే ఎక్కడున్నారో మనమే తీర్పు చెప్పినట్టు అయితాది. "పరమపదించినవారు" వైష్ణవుల మాట, వాళ్లకే ఉండనీండి. "ఆత్మకు శాంతి కలుగుగాక" అనేది మృతుల కోసం ప్రార్థన, కథోలికులకు సరే, మిగతావాళ్లు నొచ్చుకుంటారు. "ప్రభువునందు నిద్రించినవారు" అన్ని సంఘాల పలకల మీదా ఉండేదే, అదే వేయండి. పక్కన తేదీలకు "జననం, మరణం" చాలు. "మరణం" అనే మాటకు భయపడి "మహిమ ప్రవేశం" అని వేయిస్తారు కొందరు. మరణం లేకపోతే లేవడం యాడ నుంచి వస్తాది?

గుడి తెలుగు మాటలు మూడు బయటివాళ్లకు వేరే అర్థం ఇస్తాయి. "నిరీక్షణ" అంటే మనకు నమ్మకంతో కూడిన ఆశ, వాళ్లకు ఉత్త ఎదురుచూపు. "మహిమ" అంటే వాళ్లకు అద్భుత శక్తి. "రక్షణ" అంటే కాపలా. వచనంలో ఉన్నది మార్చకండి, మీరు రాసే వాక్యాల్లో మాత్రం ఆశ, వెలుగు, విడుదల అని రాసుకోండి.

ఏప్రిల్లో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరు గంటల అటూ ఇటూ. అయిదింటికి మొదలైతే ముక్కాలు వంతు చీకట్లోనే చదవాల. ఏ4 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. అక్షరం 16 పాయింట్లు, పంక్తి దూరం 24. ఆ లెక్కన పేజీకి 80, 90 మాటలు పడతాయి, మీ 350కి సరిగ్గా సరిపోతాది. తెల్ల కాగితం మీద నల్ల ఇంకే వాడండి. ఊదా రంగు మీద తెల్ల అక్షరాలు కొవ్వొత్తి దగ్గర మాయమైపోతాయి. ఫోన్లో ఉన్న బైబిలు వచనాన్ని కాపీ చేసి అను ఫాంటులోకి మార్చేటప్పుడు క్ష, త్థ, ర వత్తు ఉన్న మాటలు చెదురుతాయి. మార్చినాక "అక్షయమైనదిగా", "పునరుత్థానము", "క్రీస్తు" ఈ మూడు మాటలు చూడండి. ఇవి సరిగ్గా ఉంటే మిగతావి కూడా చాలావరకు బాగానే ఉంటాయి. ఒక కాపీ తీసి రాత్రిపూట దీపం ఆర్పి, కొవ్వొత్తి పెట్టి పైకి చదివి చూడండి. అప్పుడే మిగతావి అచ్చుకు ఇవ్వండి.

ఇంకొకటి. తిరుమల మీద ఇతర మత ప్రచారం 2007 నాటి రాష్ట్ర చట్టం కింద నిషేధం. మీ కాగితం సమాధుల తోట లోపల చదువుకునేదే అయినా, మిగిలిన కాపీలు ఆటోల్లో, బస్టాండులో వదిలితే అవి అలిపిరి దాకా పోవచ్చు. యాత్రికుల చేతిలో పడితే అనవసరమైన నొప్పి. లెక్కపెట్టి ఇచ్చి, మిగిలినవి గేటు దగ్గర వెనక్కి తీసుకోండి. మొదటి పేజీ అడుగున "సమాధుల తోట ఆరాధనలో వాడుకకు" అని ఒక పంక్తి వేయండి.

కరపత్రం పని, తిరుపతి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. పొరుగువాళ్ల కోసం మొదటి పేజీలో వేసే ముక్క ఇట్లా కుదిరింది, చూసి చెప్పండి:

"ఇది నిద్రించే చోటు. మా వాళ్లు ఇక్కడ నిద్రిస్తున్నారు, వాళ్లు ప్రభువు చేతిలో ఉన్నారు. సిలువ మీద చనిపోయి పాతిపెట్టబడిన యేసు మూడో రోజున లేచాడు. వేరే జన్మ ఎత్తలేదు, గాయాలున్న అదే శరీరంతో లేచాడు, ఇక చావడు. ఆయన తిరిగి వచ్చిన రోజున చనిపోయినవాళ్ల ఆత్మలను కూడా అట్లే లేపుతాడు. మట్టిలో ఉన్నా, బూడిదై నీళ్లలో కలిసినా ఆయనకు ఒకటే. ఆ ఆశతోనే ఈ తెల్లవారుజామున ఇక్కడ దీపాలు పెడుతున్నాం."

తరువాత 1 కొరింథీయులకు 15:20 నుంచి 23, ఆపైన 42. 1 థెస్సలొనీకయులకు 4:13, 14, 16. "మొదట" అనే మాటకు ఒక పంక్తి వివరణ. చివరి పేజీలో "ప్రభువునందు నిద్రించినవారు" కింద పేర్లు. తెల్లవారే వేళకు యోహాను 20:1 నుంచి 18 పైకి చదువుతారు, అది అచ్చు వేయడం లేదు.

గ్రీకు చదువరి, తిరుపతి

బాగా కుదిరింది. "మూడో రోజున" అనే దగ్గర ఎవరైనా లెక్క అడిగితే శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు అని చెప్పండి. యూదుల లెక్కలో రోజులో కొంత భాగం ఉన్నా రోజే. మన సూతకం లెక్క కూడా అట్లే, చనిపోయిన రోజు నుంచే మొదలుపెడతాం.

ఒక్క మాట మార్చాలి. అయిదో వాక్యంలో "చనిపోయినవాళ్ల ఆత్మలను" అని పడింది. పాత కరపత్రంలోని రెండో తప్పే మళ్లీ వచ్చింది. "ఆత్మలను" తీసేసి "చనిపోయినవాళ్లను కూడా అట్లే లేపుతాడు" అని పెట్టండి.